థామస్ మెర్టన్‌ని చదివారు సరే, ఇప్పుడు ఉన్నచోటే ఉండి ఏం చేయాలి?

కథోలిక సన్యాసి, రచయిత థామస్ మెర్టన్ పుస్తకం ఒకటి చదివేసి, రేపట్నుంచి తెల్లవారుజామున రెండున్నరకే లేచి ధ్యానం చేద్దామని అలారం పెట్టుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఆ అలారం తీసేయండి. ఆయన రెండున్నరకి లేచాడంటే రాత్రి ఏడున్నరకే పడుకునేవాడు, పైగా ఆయనకి ఆఫీసు క్యాబ్ లేదు, పిల్లల లంచ్ బాక్సులు లేవు, పక్కింట్లో పదకొండు దాకా మోగే టీవీ లేదు. ఆ టైమ్‌టేబుల్ మనకి సరిపడదు. కానీ ఆయన జీవితంలోంచి తెచ్చుకుని వాడుకోగలిగినవి చాలానే ఉన్నాయి, అవేంటో, ఎలా వాడుకోవాలో నాకు తోచినంత చెప్తా.

ఆయనెవరో తెలియనివాళ్లకి క్లుప్తంగా: 1915 జనవరి 31న ఫ్రాన్స్‌లోని ప్రాడ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి న్యూజిలాండ్ చిత్రకారుడు, తల్లి అమెరికన్. ఆరేళ్ల వయసులో తల్లి, పదహారు నిండకముందే తండ్రి పోయారు. కేంబ్రిడ్జిలో ఒక ఏడాది తాగుడు, తిరుగుళ్లతో పాడుచేసుకుని, న్యూయార్క్ వచ్చి కొలంబియా యూనివర్సిటీలో చదివాడు. 1938 నవంబరు 16న కథోలిక సంఘంలో జ్ఞానస్నానం తీసుకున్నాడు, 1941 డిసెంబరు 10న కెంటకీ రాష్ట్రంలోని గెత్సేమనే మఠంలో చేరాడు. అది ట్రాపిస్టులనే కథోలిక సన్యాస సభవాళ్ల మఠం, మాటలు తగ్గించి చేతి సైగలతోనే పని నడిపించే రోజులవి. 1948లో వచ్చిన ఆయన ఆత్మకథ 'ది సెవెన్ స్టోరీ మౌంటెన్' గట్టి అట్ట ప్రతులే 6 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. డబ్బంతా మఠానికే, ఆయనకి పేదరికపు మాటపట్టు (సన్యాసి చేసే ప్రమాణం) ఉంది కదా. 1968 డిసెంబరు 10న బ్యాంకాక్ దగ్గర ఒక సమావేశానికి వెళ్లి, కరెంటు ఫ్యాన్ ప్రమాదంలో చనిపోయాడు. మఠంలో అడుగుపెట్టి ఆ రోజుకి సరిగ్గా 27 ఏళ్లు.

ఈ 27 ఏళ్ల గురించి పుస్తకాల వెనక అట్ట మీద రాయని సంగతి ఒకటుంది. అందులో ఎక్కువ కాలం ఆయన మనసు వేరేచోటికి పోదామనే చూస్తుండేది. ఇక్కడ రద్దీ ఎక్కువ, ట్రాక్టర్ల మోత ఎక్కువ, కార్తూసియన్లనే మరో సన్యాస సభ దగ్గరైతే నిజమైన ఏకాంతం దొరుకుతుందని ఒకసారి, ఇటలీలోని కమాల్దోలి మఠమైతే బాగుంటుందని ఇంకోసారి. 1959లో మెక్సికోలోని క్వెర్నవాకాకి వెళ్తానని ఏకంగా రోముకే అర్జీ పెట్టుకున్నాడు, కుదరదని జవాబొచ్చింది. ప్రపంచమంతా ఆయన్ని ప్రశాంతతకి బొమ్మలా చూస్తున్న రోజుల్లో ఆయన ట్రాన్స్‌ఫర్ కోసం దరఖాస్తులు రాసుకుంటున్నాడు! నాకు ఆయన దగ్గరయింది ఇక్కడే.

ముందు మీ సాకు పట్టుకోండి

'ఇల్లు మారాక', 'పిల్లలు సెటిలయ్యాక', 'రిటైరయ్యాక', 'ఆ ప్రాజెక్టు అయిపోయాక' దేవుడి సంగతి చూసుకుంటాను అనే మాట మీకూ ఉండే ఉంటుంది. అదేంటో ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాయండి. మనసులో ఉన్నంతసేపూ అది చాలా సబబుగా కనిపిస్తుంది, కాగితం మీద పడేసరికి దాని అసలు రంగు బయటపడుతుంది. తర్వాత దాని కింద, అక్కడికి వెళ్లాక ఏం చేద్దామనుకుంటున్నారో రాయండి. రోజూ వాక్యం చదువుతాననా, మౌనంగా కూర్చుంటాననా, జపమాల చెబుతాననా? అందులో ఈ ఇంట్లో, ఈ నెలలోనే చేయగలిగే చిన్న ముక్క ఒకటి విడదీయండి.

మెర్టన్ విషయంలోనూ జరిగింది ఇదే, కాకపోతే ఆయనకి ఆ ముక్కని మఠాధిపతి విడదీసి ఇచ్చాడు. 1953లో అడవి పక్కన ఉన్న పాత పనిముట్ల షెడ్డు ఒకటి వాడుకోమన్నాడు. మెర్టన్ దానికి పునీత అన్నమ్మ పేరు పెట్టుకుని, పనుల మధ్య దొరికిన గంటల్లో వెళ్లి కూర్చునేవాడు. 1960లో కొండ మీద సిమెంటు దిమ్మెలతో చిన్న ఇల్లు కట్టారు, అదీ మొదట ఆయన కోసమని కాదు, వేరే క్రైస్తవ సంఘాల నుంచి వచ్చే అతిథులతో మాట్లాడుకోవడానికి. అక్కడే పూర్తిగా ఉండిపోవడానికి అనుమతి దొరికింది 1965 ఆగస్టులో. లెక్కేసుకోండి, ఏకాంతం కావాలని మఠంలో చేరిన మనిషికి అది దొరకడానికి దాదాపు 24 ఏళ్లు పట్టింది, ఈలోపు ఆయన నవసన్యాసులకి పదేళ్లు పాఠాలు చెప్పాడు.

కాబట్టి మీ షెడ్డు ఎక్కడో చూసుకోండి. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన కావచ్చు, పార్కింగ్‌లో ఆపిన కారు కావచ్చు, దివ్యబలిపూజకి అరగంట ముందు ఖాళీగా ఉండే గుడి కావచ్చు. అందంగా ఉండక్కర్లేదు, రోజూ అదే చోటు అదే టైము అయితే చాలు. హాస్టల్లో, నలుగురున్న గదిలో ఉండేవాళ్లకి ఇది నిజంగా కష్టం. వాళ్లు చోటు గురించి పట్టుబట్టకుండా టైము ఒక్కటి పట్టుకోండి, అందరూ లేవకముందు మంచం మీదే కూర్చోండి. ఇరవై నిమిషాలు పెట్టుకోండి. మొదటి వారంలోనే గంట కూర్చునేవాళ్లు రెండో వారంలో కనబడరు.

కూర్చున్నాక

ఇక్కడే చాలామంది తికమకపడతారు, యూట్యూబ్ తెరిచి పద్ధతులు వెతుకుతారు. మెర్టన్ తన ప్రార్థన పద్ధతి గురించి ఎక్కడా పెద్దగా చెప్పుకోలేదు. 1966 జనవరిలో పాకిస్తాన్‌లో ఉన్న అబ్దుల్ అజీజ్ అనే సూఫీ సాధకుడు అడిగితే మాత్రం ఉత్తరంలో విప్పి చెప్పాడు. పొద్దున్నే లేచి కీర్తనలతో కూడిన ప్రార్థన కొంత చెప్పుకుంటాను, ఆపైన గంటా గంటంబావు ధ్యానం, తర్వాత బైబిలు చదువుతాను, ఆ తర్వాత టీనో కాఫీనో పెట్టుకుంటాను అని. ధ్యానంలో దేవుడి రూపాన్నేదీ ఊహించుకోనని, ఆయన సన్నిధి మీద, ఆయన చిత్తం మీద, ఆయన ప్రేమ మీద దృష్టి నిలుపుతానని కూడా రాశాడు. ఇంతే. ఇందులో గుట్టేమీ లేదు.

మన ఇరవై నిమిషాలకి దాన్ని ఇలా కుదించుకోవచ్చు. కీర్తనల గ్రంథం తెరిచి ఒక కీర్తన పైకి వినబడేలా, నెమ్మదిగా చదవండి, ఇంట్లోవాళ్లు పడుకుని ఉంటే పెదవులు కదిపితే చాలు. ఏదైనా ఒక మాట దగ్గర మనసు ఆగితే మీరూ ఆగిపోండి, కీర్తన పూర్తి చేయాలన్న రూలేమీ లేదు. పుస్తకం మూసి, ఆ మాటని కూడా వదిలేసి, దేవుడి ముందు ఊరికే ఉండండి. కరెంటు బిల్లు గుర్తొస్తుంది, వాట్సాప్‌లో ఎవరో అన్న మాట గుర్తొస్తుంది. గుర్తొచ్చిందని తెలిసిన వెంటనే కీర్తనలోని మాట దగ్గరికి మళ్లీ రండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా. ఇరవై నిమిషాల్లో ఇరవైసార్లు ఇలాగే జరిగినా అది ప్రార్థనే. శాపాలు, ఏడుపులు ఉన్న కీర్తనలు వస్తే దాటేయకండి, మఠంలో సన్యాసులు నూట యాభై కీర్తనలనీ వరస పెట్టి పాడతారు, నచ్చినవే ఏరుకుని పాడరు. ఎప్పుడూ 23వ కీర్తన దగ్గరే ఉండిపోతే మన కోపానికి, భయానికి ప్రార్థనలో చోటు దొరకదు.

'నాకేమీ అనిపించడం లేదండీ' అంటారు. అనిపించకపోతే ఏమైంది? 1958లో వచ్చిన 'థాట్స్ ఇన్ సాలిట్యూడ్' పుస్తకంలో మెర్టన్ ప్రార్థన ఒకటుంది, బహుశా ఆయన రాసినవాటిలో అన్నిటికంటే ఎక్కువమంది ఫొటో ఫ్రేములు కట్టించుకున్నది అదే. ఎటు పోతున్నానో నాకు తెలియదని దాంట్లో దేవుడితో సూటిగా చెప్పేస్తాడు. నీ చిత్తమే చేస్తున్నానని నేననుకున్నంత మాత్రాన అది నిజం కానక్కర్లేదని, అయితే నిన్ను సంతోషపెట్టాలన్న కోరిక ఉంటే ఆ కోరికే నీకు సంతోషమని నమ్ముతున్నానని అంటాడు. ఈ ఆలోచనకి విత్తనం ఇరవై ఏళ్ల ముందే పడింది. 1939లో న్యూయార్క్ వీధిలో నడుస్తూ స్నేహితుడు రాబర్ట్ లాక్స్ 'నువ్వేం కావాలనుకుంటున్నావ్?' అని అడిగాడు. మంచి కథోలికుడిని కావాలని ఏదో నసిగాడు మెర్టన్. పునీతుణ్ణి కావాలని చెప్పాలి నువ్వు అన్నాడు లాక్స్. అదెలా అవుతుందని అడిగితే, కోరుకుంటే అవుతావని తేల్చేశాడు. అప్పటికి లాక్స్ కథోలికుడు కూడా కాదు, యూదుడు! మర్నాడు మెర్టన్ ఈ వింత సంగతిని తన ప్రొఫెసర్ మార్క్ వాన్ డోరెన్‌కి చెబితే, ఆయన కూడా అవును మరి అన్నట్టే మాట్లాడాడు.

అందుకని, కూర్చునే ముందు మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు చెప్పుకోండి: నాకేం తెలియడం లేదో ఒకటి, నాకేం కావాలో ఒకటి. అందంగా ఉండే భాష వద్దు. 'ఈ ఉద్యోగం మానాలో వద్దో తెలియట్లేదు ప్రభూ, కానీ నీకు దూరం కాకూడదు' అంటే సరిపోతుంది.

రాత్రి పూట డైరీ, రెండు ప్రశ్నలతో

మెర్టన్ జీవితమంతా డైరీ రాశాడు. తను పోయిన 25 ఏళ్ల దాకా పూర్తిగా అచ్చువేయొద్దన్నాడు, 1990లలో ఏడు సంపుటాలుగా వచ్చాయి. ఆయన ఆలోచనలో అటూ ఇటూ ఎక్కడ చూసినా తగిలేది ఒకటే, మనకో అబద్ధపు 'నేను' ఉంటుందని, నలుగురి కళ్లలో బతికే ఆ మనిషిని మనమే తయారుచేసి, వాడి కోసమే రోజంతా చాకిరీ చేస్తామని. ఇది ఆయన సొంత అనుభవం. లోకాన్ని వదిలేద్దామని మఠానికి వస్తే రచయిత అనే నీడ తన వెనకే గోడ దాటి లోపలికి వచ్చేసిందని ఆత్మకథలోనే వాపోయాడు. రాయమన్నది కూడా మఠాధిపతి ఫ్రెడరిక్ డన్ గారే.

డైరీలో ఆ రోజు జరిగినవన్నీ రాయక్కర్లేదు. ఈరోజు ఎవరో చూస్తున్నారని చేసిన పని ఏది? ఎవరూ చూడకపోయినా చేసిన పని ఏది? ఈ రెండింటికీ చెరో నాలుగు లైన్లు. మొదటిదానికి జవాబు రోజూ దొరుకుతుంది, నాకైతే వెతుక్కునే అవసరమే రాదు. దొరికిందని కుంగిపోకండి, పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లేముందు ఈ పేజీలు తిరగేస్తే చాలా పని తేలికవుతుంది. ప్రార్థన చేస్తున్న ఫొటో స్టేటస్ పెట్టే అలవాటుంటే ఒక్క తపస్సుకాలం (ఈస్టరుకి ముందు నలభై రోజులు) పాటు మానేసి చూడండి, మొదటి ప్రశ్న కింద లైన్లు ఎంత తగ్గుతాయో.

మీ పైవాళ్లు 'వద్దు' అన్నప్పుడు

1960ల మొదట్లో మెర్టన్ అణ్వాయుధాలకి వ్యతిరేకంగా గట్టిగా రాస్తున్నాడు. 1962లో ట్రాపిస్టు సభ మొత్తానికి అధిపతి దగ్గర్నుంచి యుద్ధం గురించి ఇక అచ్చువేయొద్దని ఉత్తర్వు వచ్చింది. సన్యాసికి ఇలాంటివెందుకు అన్నట్టు. అప్పటికే సిద్ధమైన ఒక పుస్తకం ఆగిపోయి 2004లో గానీ అచ్చుకాలేదు. ఆయనకి కోపం రాలేదనుకుంటే పొరపాటు, డైరీలూ ఉత్తరాలూ చూస్తే తెలుస్తుంది. కానీ మఠం వదిలిపోలేదు, నోరూ మూసుకోలేదు. అచ్చు వద్దన్నారు గనక అచ్చు మానేశాడు. ఉత్తరాలు రాయడం మాత్రం మానలేదు, ఆ ఏడాది కాలంలో రాసినవాటిలోంచి 111 ఉత్తరాలు ఏరి, సైక్లోస్టైల్ కాపీలుగా స్నేహితులకి పంచాడు. మరుసటి ఏడాది పోపు 23వ యోహాను గారు శాంతి మీద విశ్వలేఖ ఇచ్చినప్పుడు, పోపుగారికి మన సభ సెన్సార్ల అనుమతి అక్కర్లేకపోవడం మంచిదయిందన్న అర్థంలో చురక కూడా వేశాడు.

మీ ఫాదర్ గారో, సంఘ పెద్దలో, ఆఫీసులో పైవాళ్లో మీరు మంచిదనుకున్న పని ఆపమన్నారనుకోండి. వాళ్లు ఆపింది కచ్చితంగా ఏమిటో అడిగి తెలుసుకోండి, సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. ఆపనిదేమిటో చూసుకుని అది చేయండి. కోపం డైరీలో, ఇద్దరు నమ్మకమైన స్నేహితుల దగ్గర వెళ్లగక్కండి, ఊరంతా వద్దు. ఒక హద్దు మాత్రం ఇక్కడే చెప్పాలి. ఎవరికైనా హాని జరుగుతుంటే, పిల్లల మీదో ఆడవాళ్ల మీదో దౌర్జన్యం జరుగుతుంటే విధేయత పేరు చెప్పి ఊరుకోమనడానికి మెర్టన్‌ని అడ్డం పెట్టుకోకండి. ఆయన్ని ఆపింది రాతలు అచ్చువేయొద్దని మాత్రమే.

సేవ చేసి అలిసిపోయినవాళ్లకి కూడా ఆయన తర్వాత రాసిన ఉత్తరం ఒకటి పనికొస్తుంది, 1966 ఫిబ్రవరిలో జిమ్ ఫారెస్ట్ అనే శాంతి కార్యకర్తకి రాసింది. వియత్నాం యుద్ధం ఆపలేకపోతున్నామని అతను నిరాశలో ఉన్నాడు. ఫలితం వస్తుందన్న ఆశ మీద ఆధారపడొద్దు, నీ పని అసలే పనికిరానట్టు కనిపించే రోజు కూడా రావచ్చు, ఆ పనిలోని నిజం మీద దృష్టి పెట్టు, చివరికి నిలబెట్టేది మనుషుల మధ్య ఉండే బంధమే అన్నది దాని సారాంశం. తెలుగువాళ్లకి ఇది వినగానే గీతలో మాట గుర్తొస్తుంది, అది కాకతాళీయం కాదు. మెర్టన్ గీత చదివాడు, దాని మీద వ్యాసం రాశాడు, గాంధీ అహింస మీద 1965లో పుస్తకం కూడా తెచ్చాడు. మీరు నడిపే ఆదివారం బడికి ముగ్గురే పిల్లలు వస్తున్నారా? ఆ ముగ్గురి పేర్లూ ప్రార్థనలో చెప్పుకోండి, హాజరు పట్టిక పక్కన పెట్టండి.

బస్టాండులో చేయాల్సిన పని

1958 మార్చి 18న ఏదో మఠం పని మీద లూయివిల్ నగరానికి వెళ్లిన మెర్టన్, ఫోర్త్, వాల్‌నట్ వీధులు కలిసే కూడలిలో నిలబడి ఉండగా, అటూ ఇటూ పోతున్న ఈ ముక్కూమొహం తెలియని జనమంతా తనవాళ్లేనని, వాళ్లని తను ప్రేమిస్తున్నానని ఒక్కసారిగా తోచింది. లోకానికి వేరుగా, పవిత్రంగా ఉన్నాననుకోవడం కలలాంటిదని, ఆ కల చెదిరిందని రాశాడు. దుకాణాల మధ్య, జనసమ్మర్దంలో. గుళ్లో కాదు, అడవిలో కాదు. ఆ తర్వాత రాసినవాటిలో అణ్వాయుధాలూ, జాతి వివక్షా, యుద్ధమూ వచ్చి చేరాయి.

అలాంటి అనుభవాన్ని మనం తెప్పించుకోలేం. చోటు ఇవ్వగలం. వారానికి ఒకసారి, బస్టాండులోనో రైల్వే ప్లాట్‌ఫారం మీదో ఫోన్ జేబులో పెట్టి పది నిమిషాలు మనుషుల్ని చూడండి. ఎవరు ఏ కులమో, ఏ మతమో, ఎంత సంపాదిస్తారో మన బుర్ర ఠక్కున లెక్కలు కట్టేస్తుంటుంది, అది గమనించండి. ఆ లెక్క కట్టిన మనిషి కోసమే ఒక చిన్న ప్రార్థన చెప్పండి. తేరిపార చూడకండి, తన్నులు తింటారు.

వేరే మతాల పుస్తకాలు చదవొచ్చా?

కథోలిక కుటుంబాల్లో మెర్టన్ పేరెత్తగానే వచ్చే ప్రశ్న ఇది. చివరి రోజుల్లో ఆయన బౌద్ధుడైపోయాడని కూడా అంటుంటారు, అది నిజం కాదు. 1968లో ఆసియా వచ్చినప్పుడు కలకత్తా, ఢిల్లీ, డార్జిలింగ్ తిరిగాడు, ధర్మశాలలో నవంబరులో దలైలామాని మూడుసార్లు కలిశాడు, మద్రాసులో పునీత తోమాసు కొండ చూశాడు, అక్కణ్నుంచి సిలోన్ వెళ్లి పొలన్నరువలో బుద్ధ విగ్రహాల ముందు నిలబడి చలించిపోయాడు. దారిలో పూజ చెప్పుకుంటూనే ఉన్నాడు.

కథ మొదలు ఇంకా బాగుంటుంది. 1938 ప్రాంతంలో, ఇంకా ఏ మతమూ లేని రోజుల్లో, కొలంబియాలో ఆయనకి మహానామవ్రత బ్రహ్మచారి అనే బెంగాలీ సన్యాసి పరిచయమయ్యాడు. హిందూ గ్రంథాలేవో చెబుతాడని మెర్టన్ ఎదురుచూస్తే, ఆ సన్యాసి, ముందు మీవాళ్ల పుస్తకాలు చదవవయ్యా, అగస్టీను గారి ఆత్మకథ, 'క్రీస్తు అనుకరణ' చదువు అన్నాడు. ఓ హిందూ సన్యాసి చెప్పాడు గనక మెర్టన్ క్రైస్తవ గ్రంథాలు తెరిచాడు! కాబట్టి ఆ వరసే పట్టుకోండి. మీ సంప్రదాయంలో ఒక పుస్తకాన్ని ఏడాదిపాటు పట్టుకుని నడిచాక పక్కవాళ్లది చదవండి, అప్పుడు దాన్ని గౌరవంతో చదవగలుగుతారు. ఇది చదువుతున్న హిందూ మిత్రులకీ నా సలహా ఇదే.

చదివే వరస

ఆత్మకథతో మొదలుపెట్టకండి. బాగా రాశాడు, నిజమే, కానీ అది కొత్తగా మతంలోకి వచ్చిన కుర్రాడి రాత, ఇతర సంఘాల మీద కాస్త కటువుగా ఉంటుంది, ఆ కుర్రాడితో ఆయనే తర్వాత విభేదించాడు. 'థాట్స్ ఇన్ సాలిట్యూడ్' చిన్నది, దానితో మొదలెట్టండి. తర్వాత 1962లో వచ్చిన 'న్యూ సీడ్స్ ఆఫ్ కాంటెంప్లేషన్', రోజుకి ఒక అధ్యాయం మించకుండా, అర్థం కాని పేజీ మర్నాడు మళ్లీ. లూయివిల్ కూడలి గురించి చదవాలంటే 'కంజెక్చర్స్ ఆఫ్ ఎ గిల్టీ బైస్టాండర్'. ఆ తర్వాతే ఆత్మకథ.

డైరీలు ఆఖరికి ఉంచుకోండి. 1966లో వెన్ను ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కడి నర్సు విద్యార్థినితో ప్రేమలో పడ్డాడు, ఆరో సంపుటంలో అదంతా ఉంది, దాచలేదు. నెలల తరబడి నలిగాడు, స్నేహితుల సాయం కొంత మంచికీ కొంత చెడుకీ వాడుకున్నాడు, సంగతి మఠాధిపతికి తెలిసింది, చివరికి తన మాటపట్టు మీదే నిలబడ్డాడు. ఇందులో ఆమె పడిన బాధ గురించి పుస్తకాలు తక్కువే మాట్లాడతాయి, నాకు అది ఇబ్బందిగానే ఉంటుంది. చాలామంది ముందు ఈ సంపుటమే తెరుస్తారు, ఎందుకో చెప్పక్కర్లేదు. మీరు అలా చేయకుండా రెండో సంపుటంతో మొదలుపెట్టండి, మఠంలో తొలి ఏళ్లవి, వానలు, పొలం పని, జలుబులు, వేరే మఠానికి వెళ్లాలన్న గొడవ. నేరుగా ఆరు దగ్గరికి దూకితే ఆయన దేన్ని కాపాడుకోవడానికి అంత నలిగాడో తెలియదు.